గోలు కాచిన రజని

హాకీక్రీడలో గోలు కాచుటకంటె కఠినమైన పని లేదు. 12 అడుగుల వెడల్పు, 7 అడుగుల యెత్తుగల గోలు ముందు కవచము తొడిగి, రాయివంటి బంతిని ఒడలితో నడ్డగింపవలెను. పది బంతులాపినను ఎవ్వరును తలంపరు. ఒక్కటి జాఱిన లోకమంతయు దానినే చెప్పుకొనును.

చిత్తూరుసీమలోని యనమలవారిపల్లెయందు 1990లో జన్మించిన ఇ. రజని యట్టి పనికి పూనుకొన్న వనిత. ఆమె దేహబలముకంటె ఓర్పును మేము మిక్కిలి మెచ్చుకొందుము. 2021లో టోక్యో ఒలింపిక్సునందు మన మహిళలు నాల్గవ స్థానము గడించినపుడు గోలు కాచినది సవిత. రజని అదనపు క్రీడాకారిణిగా వేచియుండెను. ఇట్టిచోట నిరాశచే అభ్యాసము మానుకొనువారు గలరు. ఆమె మానలేదు. 2022లో బర్మింగుహామున కామన్వెల్తు క్రీడలలో కంచుపతకము నందిన జట్టులో నుండెను. 2024 జనవరిలో మస్కటున జరిగిన అయిదుగురి హాకీ ప్రపంచకప్పున నాయకురాలై మన దేశమును ద్వితీయస్థానమునకు చేర్చెను.

మా బత్తలపల్లె మెట్టసీమలో వాన రాకమునుపే విత్తనము సిద్ధపఱచుకొందురు. వేచియుండుట యనగా చేతులు ముడుచుకొని కూర్చుండుట కాదు. సోదరీమణులారా! మన బాలికలకు గెలుపుతోపాటు ఈ యోర్పునుగూడ నేర్పుదము.