వెల్డింగ్‌ లేకుండానే తుప్పు చిల్లులకు మరమ్మతు
పైపై లప్పంతో ప్రయోజనం శూన్యం.. చాసిస్‌ జోలికి మాత్రం వద్దు

విజయవాడ: డెల్టాలో వాహనానికి తుప్పు బెడద ఎక్కువ. బందరు, నాగాయలంక తీరంలో ఉప్పుగాలి ఒక కారణం. చేపలు, రొయ్యలు రవాణా చేసే వాహనాల్లో మంచు కరిగి కారే ఉప్పునీరు ఫ్లోరు రేకును తినేయడం మరో కారణం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరద సింగ్‌నగర్‌, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట ప్రాంతాలను ముంచెత్తినప్పుడు వేలాది కార్లు, ఆటోలు, ద్విచక్ర వాహనాలు రోజుల తరబడి నీటిలోనే ఉండిపోయాయి. ఇంజన్లు బాగుచేయించుకున్నా, తలుపుల అడుగున, మ్యాట్‌ కింద చేరిన బురదను పూర్తిగా కడిగించని వాహనాలకు తుప్పు ముప్పు తొలగలేదు.

తుప్పు లోపలి నుంచి బయటకు వస్తుంది. ఇనుము కన్నా తుప్పు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక ముందు పెయింటు పొక్కులా ఉబ్బుతుంది. పైకి బఠాణీ గింజంత కనిపించే పొక్కును గీకితే రూపాయి బిళ్లంత రంధ్రం బయటపడటం మామూలే.

వెల్డింగ్‌ ఎందుకు వద్దంటే..
కార్ల బాడీ రేకు మందం ఒక మిల్లీమీటరు కన్నా తక్కువ. గ్యాసు వెల్డింగ్‌ వేడికి అది వంకరపోతుంది. తుప్పుతో పల్చబడిన చోట అయితే చిల్లు ఇంకా పెద్దదవుతుంది. వెనుకవైపు పెయింటు కాలిపోయి అక్కడే మళ్లీ తుప్పు మొదలవుతుంది. సీట్లు, వైర్లు, పెట్రోలు ట్యాంకు దగ్గర్లో ఉంటే అగ్ని ప్రమాద భయం సరేసరి.

చేయవలసిన తీరు
మెరిసే ఇనుము కనిపించేదాకా గ్రైండరుతోగానీ, వైర్‌ బ్రష్‌తోగానీ తుప్పును తొలగించాలి. పని మొత్తంలో ముఖ్యమైనది ఇదే. ఎక్కువమంది తొందరపడేదీ ఇక్కడే. గుంటల్లో మిగిలిన తుప్పుకు ఫాస్ఫారిక్‌ ఆమ్లం ఉన్న ద్రావణం పూసి, డబ్బాపై సూచించిన విధంగా శుభ్రపరచి, పూర్తిగా ఆరనిచ్చి ఎపాక్సీ ప్రైమరు కొట్టాలి.

చిన్న రంధ్రమైతే వెనుకవైపు నుంచి ఫైబర్‌ మ్యాట్‌ రెండు మూడు పొరలు రెజిన్‌తో అతికించాలి. రంధ్రం అంచు దాటి రెండంగుళాల మేర మ్యాట్‌ పరచుకోవాలి. రెజిన్‌లో ముందుగా కోబాల్టు బాగా కలిపిన తరువాతే హార్డెనర్‌ వేయాలి. కోబాల్టు, హార్డెనర్‌ నేరుగా కలిస్తే భగ్గున మండే ప్రమాదముంది. హార్డెనర్‌ కంట్లో పడితే చూపు పోవచ్చు కాబట్టి కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. మన ఎండలకు రెజిన్‌ నిమిషాల్లో బిగిసిపోతుంది, కొద్దికొద్దిగానే కలుపుకోవాలి. వానాకాలపు తేమలో ఈ పని పెట్టుకోకపోవడమే మేలు.

అరచేయంత రంధ్రానికి ఫైబర్‌ చాలదు. జీఐ రేకును కొలతకు కత్తిరించి, ఎపాక్సీ జిగురు పూసి, అంగుళానికో పాప్‌ రివెట్‌ కొట్టాలి. తేలికని అల్యూమినియం రేకు వాడితే, రెండు లోహాలు తగిలిన చోట తేమ చేరి అల్యూమినియమే త్వరగా క్షయమవుతుంది.

లప్పం చివరి మెరుగుకే. రెండు మూడు మిల్లీమీటర్లకు మించి పెట్టకూడదు. పాలిస్టర్‌ లప్పం తేమను పీల్చుకుంటుంది కనుక దానిని నీళ్లు పోసి రుద్దక, పొడిగానే రుద్దాలి. ఆ దుమ్ము పీల్చకుండా మాస్కు కట్టుకోవాలి. రంధ్రంలో పాత పేపరు కుక్కి పైన లప్పం మెత్తే చవక పనులూ లేకపోలేదు. ఆ పేపరే తేమను పట్టి ఉంచుతుంది; ఒక వర్షాకాలం గడిస్తే లప్పం పెచ్చులూడి పడుతుంది. వాహనం అమ్మకానికి పెట్టేవారికి అదే చాలు, కొనేవారికే నష్టం. పాత కారు కొనేవారు తలుపు అడుగున చిన్న అయస్కాంతం ఆనించి చూస్తే గుట్టు తెలుస్తుంది. మందపాటి లప్పం ఉన్న చోట అది అంటుకోదు.

ఎక్కడ పనికిరాదు?
తలుపులు, మడ్‌గార్డులు, డిక్కీ వంటి బరువు మోయని భాగాలకే ఈ పద్ధతి. చాసిస్‌, తలుపుల కింది సిల్‌, సస్పెన్షన్‌, సీటు బెల్టు బిగింపు చోట్లలో తుప్పు కనిపిస్తే పాడైన ముక్కను కోసి కొత్త రేకుతో వెల్డింగ్‌ చేయించడం తప్ప మార్గం లేదు. ప్రమాదంలో ప్రయాణికుల ప్రాణాలు కాపాడేవి ఆ భాగాలే. రవాణా వాహనాలకు ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆపై ఏటా ఫిట్‌నెస్‌ పరీక్ష ఉంటుంది.

సమగ్ర బీమా పాలసీలో వరద నష్టానికి పరిహారం లభించినా, క్రమంగా పట్టిన తుప్పును సాధారణ అరుగుదలగా పరిగణించి మినహాయిస్తారు. మునిగిన వాహనానికి తలుపు లోపలి బురద కడిగించి, అడుగున ఉండే నీటి రంధ్రాలను పుల్లతో శుభ్రం చేయించుకోవడం ఖర్చు లేని పని. మరమ్మతు అయ్యాక ఆ రంధ్రాలు లప్పంతోగానీ, పెయింటుతోగానీ మూసుకుపోయాయేమో చూసుకున్న తరువాతే వాహనాన్ని షెడ్డు నుంచి తెచ్చుకోవాలి.