అంకెల చాటున అక్షరాలు: 'పద్మ' కథ

గుంటూరు నుండి చిలకలూరిపేటకు పోయే రహదారిమీద ఎడ్లపాడు అనే ఊరున్నది. అక్కడి ఉన్నత పాఠశాల విద్యార్థి ఒకడు సమీపంలోని కొండవీటి కోటను గురించి వ్యాసం వ్రాయవలసి, చేతిలోని ఫోనులో 'కొండవీడు' అని తెలుగులో వ్రాసి వెదకినాడనుకొందాం. కన్నుమూసి తెరచేలోగా తెలుగు పుటలు ఎదుట నిలుస్తవి. ఇందులో వింతేమున్నదని వాడు అనుకోవచ్చు. కాని 2000 ప్రాంతంలో ఇదే పని ఎవరు చేసినా దొరికేది బహుస్వల్పం. తెలుగు పత్రికలు అప్పటికే ఇంటర్నెట్టులో ఉన్నవి. వాటి నిండా వార్తలున్నవి. అయినా వెదికే యంత్రం కంటికి వాటిలో తెలుగన్నది లేదు!

దీనికి కారణం తెలియాలంటే కంప్యూటరు అక్షరాన్ని ఎట్లా దాచుకొంటుందో చూడాలి. దానికి అక్షరం తెలియదు. సంఖ్య మాత్రమే తెలుసు. ఇంగ్లీషు పెద్ద బడిలోని మొదటి అక్షరానికి 65 అనే సంఖ్య ఇచ్చినారు. ఆ సంఖ్య రాగానే తెరమీద ఆ బొమ్మ గీయాలన్నదే ఏర్పాటు. పాత పద్ధతిలో ఇట్టి సంఖ్యలు మొత్తం 256. ఇంగ్లీషుకు ఇవి చాలినవి, మిగిలినవి కూడ. మరి తెలుగుకో? ముప్పదియారు హల్లులకు పదునారేసి గుణింతాలు వేసుకొన్నా 576 అవుతవి. వత్తులు కలిస్తే లెక్కకు అంతుండదు.

అందువల్ల ముద్రాక్షరాలు తయారుచేసేవారు తెలుగు అక్షరాన్ని ముక్కలు చేసినారు. తలకట్టు ఒకటి, గుడి ఒకటి, కొమ్ము ఒకటి, వత్తులు వేరుగా. అచ్చుకూటంలో కంపోజిటరు ముందుండే అరల పెట్టెను చూచినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఒక్కొక్క పత్రిక తన పెట్టెను తన ఇష్టప్రకారం సర్దుకొన్నది. ఒకరు తలకట్టు ఉంచిన అరలో మరొకరు 'ర' వత్తును ఉంచినారు. ఒక పత్రికను చదవటానికి దాని ముద్రాక్షరాలు తెచ్చుకోవాలి. రెండవ పత్రికకు రెండవ పెట్టె. పెట్టె లేనివానికి తెరమీద అర్థంలేని ఇంగ్లీషు గుర్తుల వరుస తప్ప వేరేమీ కనబడదు. వెదికే యంత్రానికి ఎప్పుడూ కనబడేది ఆ గుర్తులే.

ఈ అరాచకానికి విరుగుడు యూనికోడ్. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పులోనే తెలుగుకు 3072 మొదలు 3199 వరకు 128 గదులు కేటాయించినారు. ఇక్కడ సంఖ్య ఇచ్చింది అక్షరపు ముక్కకు కాదు, అక్షరానికి. 'ఎడ్లపాడు' అన్న పేరు కంప్యూటరులో ఇట్లా ఉంటుంది: ఎ 3086, డ 3105, పొల్లు 3149, ల 3122, ప 3114, దీర్ఘం 3134, డ 3105, కొమ్ము 3137. మొత్తం ఎనిమిది సంఖ్యలు. 'ల'ను వత్తుగా మార్చి 'డ' క్రింద వ్రాయటం గీసేవాని పని; దానికి వేరే సంఖ్య అక్కరలేదు. వరుస నోటితో పలికే వరుసే.

ఇంత చక్కని ఏర్పాటు ఉన్నా, అప్పటికే పాత పెట్టెలతో కూర్చిన వ్రాత గుట్టలుగా పడి ఉన్నది, రోజురోజుకూ పెరుగుతున్నది. దానిని యూనికోడులోకి తెచ్చేదెట్లా? ఈ పనికి పూనుకొన్నవారు వెన్న నాగార్జున. ఆయన ఇంజనీరు. ఆయన వ్రాసిన సాధనం పేరు 'పద్మ'.

వినటానికి తేలికైన పని. ఈ సంఖ్య ఉన్నచోట ఆ సంఖ్య పెట్టటమే గదా అనిపిస్తుంది. చేయబోతే తెలుస్తుంది. 'క్ర' అనే అక్షరాన్నే చూడండి. ర వత్తును అక్షరానికి ఎడమవైపునుండి చుట్టి వ్రాసే అలవాటున్నది గనుక, కొన్ని పెట్టెల కూర్పులో ముందు ర వత్తు ముక్క వచ్చి, ఆ తరువాత 'క' వస్తుంది. పలుకులో మాత్రం 'క' ముందు. కాబట్టి సాధనం ఆ ముక్కను చేతబట్టుకొని ఆగి, రాబోయే హల్లును చూచి, దానికి పొల్లు తగిలించి, అప్పుడు 'ర'ను దించాలి. 'వ' ముక్కకే కొమ్ము చేర్చి 'మ'గా చూపించే పెట్టెలున్నవి. అక్కడ రెండు ముక్కలు కలిపి చదివితేగాని అక్షరం తేలదు. ప్రతి ముద్రాక్షరానికీ విడిగా ఒక పట్టిక తయారుచేయాలి. ఎవరూ ఆ పట్టికను అచ్చువేసి ఇవ్వరు. ముక్క ముక్కగా పోల్చిచూచి రాబట్టుకోవలసిందే. తాళపత్రంమీద తెలియని లిపిని చదివే పండితుని ఓపిక ఇక్కడ కూడ కావాలి.

నాగార్జున పద్మను జావాస్క్రిప్టు అనే భాషలో, మొజిల్లావారి బ్రౌజరుకు తగిలించే అనుబంధంగా వ్రాసినారు. ఇది సాధ్యం కావటానికి కొంత పూర్వకథ ఉన్నది. 1998లో నెట్‌స్కేప్ కంపెనీ తన బ్రౌజరు మూలవ్రాతను లోకానికి విడిచిపెట్టినది. అందులోనుండి పెరిగిన ఫైర్‌ఫాక్స్ మొదటి కూర్పు 2004 నవంబరులో వచ్చినది. దానికి ఎవరైనా అనుబంధాలు వ్రాసి చేర్చవచ్చు. అది తగిలించుకొన్న పాఠకుడు పత్రికను తెరిస్తే, ఆ పత్రిక ముద్రాక్షరాలు లేకపోయినా పుట చక్కని తెలుగుగా మారి కనబడేది.

పద్మ మూలవ్రాతను కూడ ఓపెన్ సోర్సు పద్ధతిలో అందరికీ ఇచ్చినారు. అనగా ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, తమ పనికి వాడుకోవచ్చు. పంచిపెట్టేటప్పుడు తామూ మూలవ్రాతను అదే షరతులతో ఇవ్వాలి. ఈ షరతు ఫలితం త్వరలోనే కనబడినది. పట్టికలు పెరిగి మలయాళం, తమిళం మొదలైన ఇతర భారతీయ భాషలకూ పద్మ ఉపయోగపడినది. 2006లో వీవెన్ అనే పేరుతో తెలుగువారికి పరిచితుడైన సాంకేతికుడు 'లేఖిని' అనే వ్రాతపలకను తయారుచేసినాడు. అందులో ఇంగ్లీషు మీటలు నొక్కితే తెలుగు వస్తుంది. చిన్న 'డి' నొక్కితే ద, పెద్ద 'డి' నొక్కితే డ. ఈ ఒరవడి పేరు ఆర్.టి.ఎస్.; అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ చేసిన కృషి. దానిని తెలుగుగా మార్చే లోపలి యంత్రం మాత్రం పద్మదే. లేఖినితో మొదటిసారి తెలుగు వ్రాసినవారిలో చాలమందికి పద్మ పేరైనా తెలియదు. పునాది రాళ్ల సంగతి ఎప్పుడూ ఇంతే.

పద్మ ఒక్కటే కాదు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలుకావటానికి కూడ నాగార్జునే కారకుడు. వికీపీడియావారి సందేశం అందుకొని ఆయన దానికి అంకురార్పణ చేసినారు. ఆ విజ్ఞానసర్వస్వాన్ని నడిపే మీడియావికీ సాఫ్టువేరు కూడ ఓపెన్ సోర్సుదే. మొదటి నెలలలో పని నత్తనడక నడచినది. వ్రాసేవారు లేరు, వ్రాయాలన్నవారికి తెలుగు మీటలు చేతకావు. ఆ రెండవ కొరత తీరిన తరువాతనే మొదటి కొరత తీరటం మొదలుపెట్టినది. క్రమంగా గ్రామాలకు, మండలాలకు పుటలు వెలసినవి.

ఎడ్లపాడుకు సంబంధించిన తమాషా ఒకటున్నది. ఈ ఊరి పేరును 'యడ్లపాడు' అని కూడ వ్రాస్తారు. మనకు రెండూ ఒకటే, కంప్యూటరుకు కాదు. మొదటి సంఖ్య 3086కు బదులు 3119 అయితే అది వేరే ఊరే. వికీపీడియాలో ఇట్టివాటిని కలపటానికి దారిమార్పు పుటలు పెడతారు. 2022 ఏప్రిలులో పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడు 'గుంటూరు జిల్లా' అని ఉన్నచోటనల్లా సవరించవలసి వచ్చినది. ఇట్టి సవరణ చేయటానికి ఇంజనీరు కానక్కరలేదు. హైస్కూలు విద్యార్థి చాలు.

2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57వ కూర్పు పాత పద్ధతి అనుబంధాలను వదలివేసినది. పద్మ ఆ పాత పద్ధతిలో వ్రాసినదే. అప్పటికి పత్రికలు అనేకం యూనికోడుకు మారినందువల్ల చదువరికి దాని అవసరం బాగా తగ్గినది. అయితే ముందటి సంవత్సరాల పుటలు ఎవరైనా దాచి ఉంచితే, అవి ఇంకా పాత పెట్టెల సంఖ్యలలోనే ఉంటవి. వాటిని చదవటానికి కావలసిన పట్టికలు పద్మ మూలవ్రాతలో ఉన్నవి.