పువ్వు కింది పచ్చని కవచం: మూలికను గుర్తించే ఆనవాలు

పోపుల పెట్టెలోని ఒక లవంగాన్ని చేతిలోకి తీసుకొని పరిశీలించండి. అది ఎండిన మొగ్గ. తలపై గుండ్రంగా కనిపించేవి విచ్చుకోని పూరేకులు. వాటిని నలువైపులా పట్టి ఉంచిన నాలుగు మొనలే రక్షక పత్రాలు. మొగ్గను కాపాడే ఈ పత్రాలను మనం సాధారణంగా లెక్కచేయము. గురుకులంలో మా గురువుగారు మాత్రం మూలికను పరీక్షించేటప్పుడు రంగుల రేకుల కన్నా ముందు వీటినే చూడమని బోధించేవారు.

వీటిలో గమనించవలసినవి రెండు. మొదటిది, అవి విడివిడిగా ఉన్నవా, కలిసి ఉన్నవా? ఆవపువ్వులో నాలుగూ విడివిడిగా ఉంటాయి. మిరప, వంగ పూలలో ఐదూ అడుగున కలిసి గిన్నెవలె ఉంటాయి. రెండవది, అవి ఎంతకాలం నిలుస్తాయి? బలురక్కసిలో పువ్వు విచ్చుకోగానే రాలిపోతాయి. వంకాయపై ముచ్చికగా చివరిదాకా నిలుస్తాయి. కొన్ని మొక్కలలో కాయతోపాటు పెరుగుతాయి కూడా.

ఈ భేదాలు తెలియకపోతే ఇంటి వైద్యం ప్రమాదకరమవుతుంది. మా మరిపెడ పరిసరాలలో చేలగట్లపై పెరిగే కుప్పంటిని తెచ్చి, "అయ్యా, ఇది పెన్నేరే కదా?" అని అడిగేవారు నాకు తరచు తారసపడతారు. రెండింటిలోనూ రక్షక పత్రాలు పెరిగి పండును సంచివలె కప్పుతాయి, పొరపాటు అందుకే. కుప్పంటి బుడ్డ సన్నని కాడకు ఒంటరిగా వేలాడుతుంది, దానిపై కోణాలు స్పష్టంగా ఉంటాయి. పెన్నేరు, అనగా అశ్వగంధ బుడ్డలు చిన్నవి. ఆకు మొదట గుత్తిగా ఉంటాయి. లోపలి పండు ఎరుపెక్కుతుంది. మొక్కంతా తెల్లని నూగు ఉంటుంది.

అదే కుటుంబంలోని ఉమ్మెత్త తీవ్రమైన విషం. దాని రక్షక పత్రాలు పొడవైన గొట్టంగా ఉండి, పూత ముగిశాక అడుగుభాగం మాత్రం మిగిలి, ముళ్ల కాయ కింద గొడుగువలె వెనుకకు మడుచుకుంటుంది. పొరపాటున ఎవరైనా దానిని తిని నోరు ఎండి, చూపు మసకబారి, పలవరిస్తుంటే చిట్కాలతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. బలురక్కసి గింజలు ఆవాలను పోలి ఉంటాయి. ఆ నూనె కలిసిన ఆవనూనె వల్ల 1998లో ఢిల్లీలో అనేకులు కాళ్లవాపుతో మంచానపడ్డారు, పలువురు మరణించారు.

రక్షక పత్రాలలో ఆహారమైనవీ ఉన్నాయి. ఎర్ర పుంటికూర పువ్వు రాలిన తరువాత కాయ చుట్టూ ఎర్రగా, కండగా ఎదిగే పుల్లని భాగం అదే. లోపలి కాయను తీసివేసి, ఆ రేకులను కడిగి, ఎండుమిర్చితో వేయించి పచ్చడి చేసుకోవచ్చు. ఎండబెట్టి, మరిగే నీటిలో వేసి వడగట్టి పానీయంగానూ తాగవచ్చు. రక్తపోటుకు మందులు వాడేవారు, గర్భిణులు వైద్యుని అడిగిన పిదపనే దానిని తీసుకోవాలి.

మూలికను సేకరించేటప్పుడు ఆకుతోపాటు పువ్వు, కాయ ఉన్న కొమ్మను తెచ్చి తెలిసినవారికి చూపండి. ఆనవాలు సరిపోని మొక్క ఎంత దగ్గరగా పోలినా దానిని ఔషధంగా వాడవద్దు.