రిమోట్ లేని మాయాబజార్!

'ప్రియదర్శిని' పెట్టె గుర్తుందా మీకు? అదేనండీ, 1957లో విడుదలైన 'మాయాబజార్'లో శశిరేఖ మూత తెరిస్తే చాలు, ఎక్కడో ఉన్న అభిమన్యుడు అందులో కనిపించేస్తాడే... ఆ పెట్టె! ప్లగ్గు లేదు, పాస్‌వర్డ్ లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా రిమోట్ లేదు! కె.వి.రెడ్డి గారు ఎంత ముందుచూపున్న దర్శకులో మొన్న ఒక రాత్రి నాకు బాగా తెలిసొచ్చింది.

ఏ రాత్రి అంటారా? అక్కడికే వస్తున్నా.

మా అమ్మమ్మది తెనాలి దగ్గర పల్లెటూరు. కంటి శుక్లాల ఆపరేషన్‌కని హైదరాబాదులో మా ఇంటికొచ్చింది. ఆపరేషనై నెల దాటాక డాక్టరు గారు చూసి, "ఇక టీవీ చూడొచ్చు, పుస్తకం చదవొచ్చు, ఊరికీ వెళ్ళొచ్చు" అన్నారు. ఆవిడకి ఆఖరి మాట ఒక్కటే వినబడింది. పట్టుబట్టి మర్నాడు పొద్దున్నే బయల్దేరే రైలుకి టిక్కెట్టు తీయించేసింది.

ఆ రాత్రి భోజనాలయ్యాక మెల్లిగా అడిగింది. "ఒరేయ్, ఈ కొత్త కళ్ళతో ఒక్కసారి సావిత్రిని చూడాలనుందిరా. మాయాబజారు పెడతావా?"

తొమ్మిదేళ్ళప్పుడు నేలటిక్కెట్టులో కూచుని, ముందున్న పెద్దవాళ్ళ తలల సందుల్లోంచి చూసిందట ఆ సినిమా. అడగక అడగక అడిగింది. నేనేమో గుటకలు మింగుతూ నించున్నాను!

ఎందుకంటే, అంతకు మూడు నెలల ముందు మేం విజయవాడ నుంచి మకాం మార్చాం. సామాన్లు సర్దింది నేను. సత్యపీఠం ఎక్కినవాడిలా నిజం చెప్పేస్తున్నాను: టీవీ రిమోట్‌ని పాత పేపర్ల మధ్య పెట్టిన మహానుభావుణ్ణి నేనే! ఆ పేపర్లు కాస్తా కాటాకెక్కి వెళ్ళిపోయాయి. "రేపు కొందాం, ఎల్లుండి కొందాం" అనుకుంటూనే మూడు నెలలు గడిపేశాం. ఎవరి ఫోను వాళ్ళకుందిగా! టీవీ మాత్రం కిందటేడాది క్యాలెండర్‌లా గోడకి వేలాడుతూండిపోయింది.

"ఫోన్లో చూపించు అన్నయ్యా" అంది మా చెల్లి.

ఆరంగుళాల తెరమీద ఎస్వీ రంగారావు గారినా! ఘటోత్కచుణ్ణి అగ్గిపెట్టెలో కుక్కినట్టుండదూ? పైగా ఆపరేషనైన కళ్ళు.

పిచ్చీ... పెళ్ళీ!

టీవీ కింది అంచున తడిమితే వేలికి ఒక బటన్ తగిలింది. నొక్కితే తెర వెలిగింది. కాని ఏం లాభం? 'ఇంటర్నెట్ లేదు' అంటూ మొహం మీదే చెప్పేసింది. ఎందుకుంటుంది! దానికి తెలిసింది విజయవాడ ఇంటి వైఫై. కొత్త ఇంటి వైఫై పేరూ, పాస్‌వర్డూ దానికి చెప్పాలంటే రిమోట్ కావాలి.

ఫోన్‌నే రిమోట్‌గా మార్చే యాప్‌లున్నాయిగా అంటారా? ఉన్నాయి. మాది ఆండ్రాయిడ్ టీవీ కనక గూగుల్ టీవీ యాప్ తెరిచాను. మా టీవీ పేరు అందులో ఎంత వెతికినా కనబడదే! కనబడాలంటే ఫోనూ, టీవీ ఒకే వైఫైలో ఉండాలిట. అంటే టీవీకి వైఫై ఇవ్వాలంటే రిమోట్ కావాలి, రిమోట్ కావాలంటే టీవీకి వైఫై ఉండాలి. పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు!

వేరే దారులు లేకపోలేదు. టీవీ వెనక యూఎస్‌బీ రంధ్రంలో మామూలు కంప్యూటర్ మౌస్ గుచ్చితే, ఆండ్రాయిడ్ టీవీల్లో చాలావాటికి తెరమీద బాణం గుర్తు వచ్చేస్తుంది. దాంతోనే అన్నీ నొక్కుకోవచ్చు. మా ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంది గాని మౌస్ లేదు. రాత్రి తొమ్మిదిన్నర... కొట్లన్నీ కట్టేశారు. రౌటర్ నుంచి తిన్నగా వైరు లాగి టీవీకి గుచ్చితే, చాలా టీవీలకి ఏ బటనూ నొక్కకుండానే నెట్ అందుతుంది. మా రౌటర్ వీధి గుమ్మం పైన, టీవీ లోపలి గదిలో. మా దగ్గరున్న వైరేమో బారెడు!

అసలు రిమోట్ అనేది ఇవాళ్టిదా? తీగ లేకుండా వెలుగుతో టీవీని నడిపే రిమోట్‌ని అమెరికాలో జెనిత్ కంపెనీ ఇంజనీరు యూజిన్ పోలీ 1955లోనే తయారుచేశాడు. మాయాబజార్ కన్నా రెండేళ్ళు ముందన్నమాట! ఇప్పటి రిమోట్లలో చాలావాటిది కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు. కొన్ని ఫోన్ల నెత్తిన ఆ బుల్లి దీపం ఉంటుంది, అలాంటి ఫోనే రిమోట్ పని చేసేస్తుంది. మా రెండు ఫోన్లకీ ఆ భాగ్యం లేదు.

"పోనీలేరా, మళ్ళీ వచ్చినప్పుడు చూద్దాం" అంది అమ్మమ్మ, దుప్పటి సర్దుకుంటూ.

ఆ 'మళ్ళీ' అన్న మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. డెబ్భై దాటిన మనిషి నోట ఆ మాట వింటే ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా?

మాయా శశిరేఖ ప్రవేశం

అప్పుడడిగింది చెల్లి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని. "అన్నయ్యా, మాయాబజార్‌లో పెళ్ళికూతురి పీటల మీద కూచున్నదెవరు?"

"శశిరేఖ వేషంలో ఘటోత్కచుడు. అయితే?"

"మనమూ వేషం వేద్దాం!"

అరె! నా బుర్రలో బల్బు వెలిగింది. టీవీ కళ్ళు తెరిచినప్పుడల్లా చేసే మొదటి పని, తనకి తెలిసిన పాత వైఫై పేరు కోసం వెతుక్కోవడం. ఆ పేరు పెట్టుకున్నది విజయవాడ రౌటరా, నా జేబులో ఫోనా... దానికి తెలీదు. పేరూ, పాస్‌వర్డూ కలిస్తే చాలు, 'మనవాళ్ళే' అనుకుని చెయ్యి కలిపేస్తుంది. అంచేత నా ఫోన్ హాట్‌స్పాట్‌కి పాత వైఫై పేరు పెడితే సరి!

పాత పేరు నాకు గుర్తుంది: 'అస్మదీయులు'. పింగళి నాగేంద్రరావు గారు మాయాబజార్‌లో నవ్వులు పూయించిన మాట కదా అని చెల్లే పెట్టింది. కాని ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా రాశాం? 'దీ'కి 'ఐ' ఒకటా, 'ఈ'లు రెండా? ఒక్క అక్షరం తేడా వచ్చినా, పెద్దక్షరం చిన్నదైనా టీవీ గుర్తుపట్టదు. ఇక పాస్‌వర్డ్ సంగతి సరేసరి. చెల్లి ఫోన్ కొత్తది. నేనేమో కొత్త ఇంటికొచ్చిన రోజునే ఆ పాత పేరుని నా ఫోన్లోంచి చెరిపేసిన ఘనుణ్ణి!

"ఆ సంచీలో నా పద్దుల పుస్తకం ఉంది, తియ్యి" అంది అమ్మమ్మ, దుప్పటిలోంచే.

తీశాను. పాలవాడి లెక్కకీ, చాకలి పద్దుకీ మధ్య నా చేతిరాతే! కిందటి వేసవిలో విజయవాడ వచ్చినప్పుడు, "నువ్వు కాలేజీకి పోతే నా ఫోనుకి ఆ వైఫై ఎవరు పెడతార్రా?" అని దగ్గర కూచోబెట్టుకుని రాయించుకుంది. 'ఈ'లు రెండు. మొదటిది పెద్దక్షరం. కింద పాస్‌వర్డ్!

చకచకా హాట్‌స్పాట్ పేరు మార్చాను. కొన్ని టీవీలకి 5 గిగాహెర్ట్జ్ అందదు కనక 2.4కి దించాను. మొబైల్ డేటా వేశాను. టీవీ ప్లగ్గు పీకి, నిమిషం ఆగి మళ్ళీ గుచ్చాను. ఉత్కంఠ... పది సెకన్లు... ఇరవై... నా ఫోన్లో 'ఒకరు చేరారు' అని పడింది!

చెల్లి తన ఫోన్‌నీ అదే 'అస్మదీయులు'లో చేర్చి యాప్ తెరిస్తే, ఈసారి మా టీవీ పేరు బుద్ధిగా కనబడింది. తెరమీద ఒక కోడ్ వచ్చింది. దాన్ని ఫోన్లో కొట్టగానే ఫోనే రిమోటయిపోయింది! ఆ ఫోన్‌తోనే టీవీ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి కొత్త ఇంటి వైఫై ఇచ్చాం. ఇచ్చీ ఇవ్వగానే ఫోన్‌కీ టీవీకీ లంకె తెగిపోయింది. మా గుండెలు జారాయి. తీరా చూస్తే ఏముంది? టీవీ కొత్త ఇంటికొచ్చేసింది, ఫోనింకా పాత ఇంట్లోనే ఉంది! దాన్నీ కొత్త వైఫైలోకి తెస్తే అంతా సర్దుకుంది.

పదీ ఇరవైకి ఆట మొదలు. మూడు గంటల పైచిలుకు సినిమా, అమ్మమ్మ కదిలితే ఒట్టు. సావిత్రి ఘటోత్కచుడి దర్జా ఒలకబోస్తూ నడుస్తూంటే నోటికి కొంగు అడ్డుపెట్టుకుని నవ్వింది. తర్వాత మెల్లిగా అంది: "ఆ రోజు అందరి తలకాయలే చూశాన్రా. పిల్ల ఎలా నడిచిందో ఇవాళ చూశాను."

రిమోట్ పోగొట్టుకున్న హీరోలకి ఒక్క మాట. టీవీ రిమోట్ కోసం ఎదురుచూడదు, తనకి తెలిసిన పేరు కోసం ఎదురుచూస్తుంది. ఆ పేరు మీకు తెలిస్తే సగం గెలిచినట్టే. కాకపోతే ఫ్యాక్టరీ రీసెట్ చేసిన టీవీ పాత పేర్లన్నీ మరిచిపోతుంది. అప్పుడీ వేషం పారదు, మౌస్‌నే నమ్ముకోవాలి. ఇల్లు మారేముందు పాత పేరూ, పాస్‌వర్డూ ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కాగితాన్ని దయచేసి పాత పేపర్లలో పెట్టకండి!

పొద్దున్న స్టేషన్లో రైలు కదలబోతూండగా అమ్మమ్మ కిటికీలోంచి పద్దుల పుస్తకం, పెన్నూ చేతికిచ్చింది.

"కొత్తింటిది కూడా రాసివ్వరా. మళ్ళీ వచ్చినప్పుడు కావాలిగా!"

శుభం.