తేమ మీటరు సూది దేన్ని కొలుస్తుంది?

పత్తి ధరను తేల్చేది నీరా, కరెంటా?

గుంటూరు, ప్రకాశం మైదానాల్లో పత్తి అమ్ముకునే రైతు కాటా దగ్గర చూపే జాగ్రత్త తేమ మీటరు దగ్గర చూపడు. కాటా సరిగా ఉన్నదీ లేనిదీ రెండుసార్లు చూసుకుంటాడు, అంకె నిలిచేదాకా అక్కడినుంచి కదలడు. మీటరు వంతు వచ్చేసరికి కొనేవారు చెప్పిన శాతం విని తల ఊపి వస్తాడు. క్వింటాలుకు వందల రూపాయల తేడా తెచ్చేది మాత్రం ఆ చేతిలో పట్టే పెట్టే.

లెక్క ఇది. కాటన్ కార్పొరేషన్ నిబంధన ప్రకారం పత్తిలో తేమ 8 శాతం దాకా ఉంటే పూర్తి మద్దతు ధర ఇస్తారు. ఆపైన 12 శాతం వరకు, పెరిగిన ప్రతి శాతానికీ ధరలో ఒక శాతం కోస్తారు. 12 దాటిన సరుకు కొనరు. 2025-26 సీజనుకు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అంటే ఒక శాతం తేమకు 81 రూపాయల 10 పైసలు, నాలుగు శాతానికి 324 రూపాయల 40 పైసలు పోతాయి. 12 దాటిందంటే బయటి వ్యాపారి ఎంతంటే అంతే. 2025 అక్టోబరు చివర వచ్చిన మొంథా తుపాను వంటి వాన తీత సమయంలో పడితే రైతు ఆశ అంతా ఆ మీటరు అంకె మీదనే ఉంటుంది.

అయితే కొనుగోలు కేంద్రాల్లో ఎక్కువగా వాడే సూది మీటరు నీటిని తూచదు. పత్తిలోకి రెండు సూదులు దిగుతాయి. వాటి మధ్య కరెంటు ఎంత పారిందో చూసి, దాన్నిబట్టి తేమ ఇంత ఉండవచ్చునని మీటరు లెక్కకట్టి చెబుతుంది. కనుక కరెంటు ఏ పదార్థంలో ఎట్లా పారుతుందో కొంచెం తెలుసుకోవడం పత్తి రైతుకు నష్టం కాదు.

రాగిలో ఒక తీరు, నీటిలో ఒక తీరు

ముందు రాగి సంగతి. రాగిలోని ప్రతి పరమాణువూ తన చివరి ఎలక్ట్రానును గట్టిగా పట్టి ఉంచదు. అట్లా వదిలిన ఎలక్ట్రాన్లు ఊరుమ్మడి మందలా లోహమంతటా తిరుగుతుంటాయి. ఒక ఘన సెంటీమీటరు రాగిలో ఇవి 8 అంకె పక్కన 22 సున్నాలు పెట్టినన్ని ఉంటాయి. బోరు మోటారు స్విచ్చి వేయగానే ఇవి స్తంభం నుంచి మోటారు దాకా పరుగెత్తి వస్తాయని చాలామంది అనుకుంటారు. మనకు వచ్చే ఏసీ కరెంటులో అవి ఉన్నచోటనే సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతాయి, అంతే. నిండుగా ఉన్న గొట్టంలో ఈ చివర నీటిని తోస్తే ఆ చివర వెంటనే కదిలినట్లు, ఆ ఊపు తీగ పొడవునా క్షణంలో అందుతుంది.

అల్యూమినియం కరెంటును రాగిలో 61 శాతం మేరకే పోనిస్తుంది. కాని బరువు రాగిలో మూడో వంతుకు లోపే. పొలాల మీదుగా పోయే లైన్లు అల్యూమినియంతో వేసి, చోటు తక్కువగా ఉండే మోటారు చుట్టలకు రాగి వాడడంలోని కిటుకు ఇదే. చేలగట్ల మీది ట్రాన్స్‌ఫార్మర్లను పగలగొట్టే దొంగలకు కూడా ఈ తేడా బాగా తెలుసు. మన వినుకొండ దగ్గరి అగ్నిగుండాల కొండల్లోనూ రాగి, సీసం ఖనిజాలు ఉన్నాయి. అక్కడి బండ్లమొట్టు సీసం గనిని హిందూస్థాన్ జింక్ సంస్థ కొన్నేళ్లు నడిపింది కూడా.

పత్తి దీనికి పూర్తిగా ఎదురు. పోగులో ఉండేది సెల్యులోజు. అందులో ఎలక్ట్రాన్లన్నీ బంధాల్లో బిగిసి ఉంటాయి, తిరగడానికి ఒక్కటీ ఖాళీ లేదు. ఎనామెలు పూత తీగ రాకముందు రాగి తీగకు నూలు చుట్టి మోటార్లలో వాడినది అందుకే. ఈనాటికీ రీవైండింగు షాపులో చుట్టలను బిగించి కట్టడానికి నూలు టేపు వాడుతూనే ఉన్నారు. దాని మీద వార్నిషు పోసేది అందం కోసం కాదు, తేమ చొరకుండా.

తేమ చొరబడితే పత్తి స్వభావమే మారిపోతుంది. ఇక్కడ ఒక తిరకాసు ఉన్నది. శుద్ధమైన నీరు కరెంటును దాదాపు పోనివ్వదు. పోనిచ్చేవి అందులో కరిగిన లవణాలు. ఉప్పు నీటిలో కరిగినప్పుడు దాని కణాలు విద్యుదావేశంతో విడిపోతాయి. వీటిని అయాన్లంటారు. లోహంలో ఎలక్ట్రాన్లు చేసే పనిని నీటిలో ఈ అయాన్లు చేస్తాయి. మొక్క మట్టిలోనుంచి తీసుకున్న పొటాషియం వంటి లవణాలు పత్తి పోగులోనూ ఉంటాయి. పొడిగా ఉన్నంతసేపు అవి కదలవు, తేమ తగిలితే కదులుతాయి. భూసార పరీక్ష కేంద్రంలో బోరు నీటి ఉప్పదనాన్ని పట్టి చూసేది కూడా ఈ సూత్రంతోనే. తడి పంచెతోనో, తడి గుడ్డ చుట్టిన చేతితోనో స్టార్టరు ముట్టుకుంటే ప్రాణం మీదికి వచ్చేదీ దీనివల్లనే.

ఒక్క శాతానికి మూడు రెట్లు

ఈ సంగతిని పద్ధతిగా కొలిచినవారు టెలిఫోను వాళ్లు. 1920లలో అమెరికాలోని బెల్ టెలిఫోను ప్రయోగశాలల్లో మర్ఫీ, వాకర్ అనే శాస్త్రజ్ఞులు తేమను బట్టి నూలు నిరోధం ఎట్లా మారుతుందో పరిశీలించారు. వారు కనుగొన్న లెక్క ప్రకారం పత్తిలో తేమ రెట్టింపయితే నిరోధం సుమారు ఆరు వందల రెట్లు తగ్గుతుంది. మన కొనుగోలు కేంద్రం భాషలో చెప్పుకుంటే 8 శాతం నుంచి 9కి పోయేసరికి కరెంటు దాదాపు మూడు రెట్లు, 12కి పోయేసరికి నలభై రెట్లకు పైగా పారుతుంది. ఇంత మార్పు ఉండబట్టే చవక మీటరు కూడా తేమను పసిగట్టగలుగుతున్నది. వారే నూలును నీటితో బాగా కడిగి లవణాలను పోగొట్టి చూశారు. నిరోధం ఎన్నో రెట్లు పెరిగింది. ఖరీదైన పట్టుకు బదులు కడిగిన నూలును టెలిఫోను తీగలకు చుట్టడం అప్పుడే సాధ్యమయింది.

రైతు గమనించవలసిన మాట ఆ చివరి ముక్కలో ఉన్నది. తేమ అంతే ఉన్నా లవణం మారితే కరెంటు మారుతుంది. ఉప్పు బోరు నీరు తగిలిన పత్తి తన తేమకు మించిన అంకె చూపవచ్చు. బరువు కోసం బోరెంలో నీళ్లు చిలకరించే వారు మనలో లేకపోలేదు. వారికి మీటరు వడ్డీతో సహా వసూలు చేస్తుందన్న మాట.

వేడి సంగతి మరీ విచిత్రం. రాగి వేడెక్కితే నిరోధం డిగ్రీకి సుమారు 0.4 శాతం పెరుగుతుంది. తడి పత్తి వేడెక్కితే నిరోధం తగ్గుతుంది, ఎందుకంటే అయాన్లు వేడికి చురుకవుతాయి. ఎండలో కాలిన పత్తిని అట్లాగే తెచ్చి సూది గుచ్చితే, వేడికి సవరణ లేని మీటరులో అంకె ఉన్నదానికన్నా ఎక్కువ రావచ్చు. ఆరబెట్టి, నీడలో కొంతసేపు చల్లారనిచ్చి చూపించడం మేలు. నవంబరు, డిసెంబరు నెలల్లో మంచు పడిన ఉదయం వేళ సూది గుచ్చనివ్వడమూ తెలివైన పని కాదు. పైపోగు గంటల్లోనే గాలిలోని తేమను పీల్చుకుంటుంది. లోపలి గింజ మాత్రం నిదానంగా మారుతుంది. పొద్దెక్కి పైమంచు ఆరిన తరువాత అదే పత్తి వేరే అంకె చూపుతుంది.

ఇంకొకటి నొక్కుడు. పత్తిని గట్టిగా అదిమితే పోగులు ఒకదానికొకటి తగిలి కరెంటుకు దారులు పెరుగుతాయి, అంకె పైకి పోతుంది. వదులుగా ఉంటే కిందికి దిగుతుంది. ఇందులో మోసం ఉండనక్కరలేదు, చేయి తేడా చాలు. ఒక్క గుచ్చుతో తేల్చకుండా బోరెం పైన, నడుమ, అడుగున చూసి సగటు తీయమని అడిగే హక్కు రైతుకు ఉన్నది. దూదికి గుర్తులు పెట్టిన మీటరును గింజతో ఉన్న పత్తికి వాడుతున్నారేమో కూడా కనుక్కోవాలి. గింజ తగిలితే లెక్క వేరు.

మిర్చికి ఇంత సూటిగా పనిచేయదు

మిర్చికి తేమ హద్దు 11 శాతం. కాని కాయ డొల్ల. తోలు మీద మైనపు పొర, లోపల గాలి, గింజలు వదులుగా ఉంటాయి. సూది గుచ్చినచోట ఒక అంకె, పక్క కాయలో మరొకటి. పొడి కొట్టి నిర్ణీత ఒత్తిడిలో బిగించి చూస్తే తప్ప కరెంటు లెక్క నిలవదు. గుంటూరు యార్డులో అనుభవమున్న కమీషను వ్యాపారి గుప్పెడు కాయలు తీసి ఆడించి, గింజ గలగల విని చెప్పే మాటకు ఇంకా విలువ ఉండడం ఇందువల్లనే. టిక్కీల్లో తొక్కేటప్పుడు కాయ విరగకుండా నీళ్లు చల్లే అలవాటు మాత్రం మీటరును అట్లా ఉంచి సరుకునే చెరుస్తుంది. ఆ తడికి బూజు, బూజుతో అఫ్లాటాక్సిన్ విషం వచ్చి ఎగుమతి సరుకు వెనక్కి తిరుగుతుంది. శీతల గిడ్డంగి నుంచి వేసవిలో బయటికి తీసిన టిక్కీ పైన కూడా చెమ్మ పడుతుంది. ఆ పూట మీటరు పెడితే అది కొలిచేది ఆ పైచెమ్మనే.

తగవు వచ్చినప్పుడు తేల్చేది ఓవెను. 50 గ్రాముల పత్తిని 105 డిగ్రీల వేడిలో బరువు ఇక తగ్గనంతవరకు ఆరబెట్టి తూస్తారు. 45.5 గ్రాములు మిగిలితే పోయిన నీరు 4.5 గ్రాములు, అంటే 9 శాతం తేమ. ఇక్కడ రెండు లెక్కలున్నాయి. కొనుగోలులో ఈ శాతాన్ని తడి బరువు మీద కడతారు. నూలు మిల్లులు ఆరిన బరువు మీద కట్టే అలవాటు ఉన్నది, ఆ లెక్కలో ఇదే పత్తి 9.9 శాతం అవుతుంది. పత్తికి మిల్లులు ప్రమాణంగా చెప్పే 8.5 శాతం ఈ రెండో లెక్కదే, మొదటి లెక్కలో అది 7.8 మాత్రమే. చీటీ మీద అంకె వేయించుకునేటప్పుడు అది ఏ బరువు మీద కట్టిన శాతమో పక్కనే రాయించుకోవాలి.