గ్రీన్ లేజర్ పాయింటర్‌లో దాగిన ఇన్‌ఫ్రారెడ్: హోలోగ్రాఫిక్ ఫిల్మ్‌తో పట్టేయండిలా!

చవక గ్రీన్ లేజర్ పాయింటర్ వాడుతున్నారా? ఈ టెస్ట్ మీకోసమే. చాలావాటి లోపల ఉండేది 808 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ డయోడ్. దాని వెలుగును క్రిస్టల్స్ ముందు 1064కి, తర్వాత 532కి, అంటే ఆకుపచ్చకి మారుస్తాయి. ఫిల్టర్ పెట్టకపోతే మిగిలిన ఇన్‌ఫ్రారెడ్ కూడా బయటికొచ్చేస్తుంది. 2010లో అమెరికా సంస్థ ఎన్‌ఐఎస్‌టీ హెచ్చరించింది దీని గురించే. కనిపించదు కాబట్టి రెప్ప పడదు, రెటీనాకి మాత్రం దెబ్బ తగులుతుంది.

నేను వాడింది మిల్లీమీటరుకి 500 గీతలున్న హోలోగ్రాఫిక్ గ్రేటింగ్ ఫిల్మ్. దీని గుండా బల్బు వెలుగు ఇంద్రధనుస్సులా పరుచుకుంటుంది, లేజర్ మాత్రం విడి చుక్కలుగా పడుతుంది. ముందుగా టీవీ రిమోట్ నొక్కి, నా సెల్ఫీ కెమెరాకి ఇన్‌ఫ్రారెడ్ కనిపిస్తోందని చూసుకున్నా. తర్వాత పాయింటర్‌ని ఫిల్మ్ గుండా మెరుపులేని గోడ మీదకి వేశా. ఆకుపచ్చ చుక్క 15 డిగ్రీల దగ్గర పడింది. 24 దగ్గర కంటికి ఏమీ లేదు, ఫోన్‌లో మాత్రం చుక్క ఉంది. అదే 808! 1064ని ఇలా పట్టలేం, ఎందుకంటే అది పడే 32 డిగ్రీల దగ్గరే రెండో ఆకుపచ్చ చుక్క కూడా పడుతుంది.

కిరణాన్ని కంటికి గానీ కెమెరాకి గానీ నేరుగా తగలనివ్వొద్దు. చుక్క కనిపిస్తే ఆ పాయింటర్‌ని పక్కన పడేయండి. కనిపించకపోయినా అది సేఫ్ అనే సర్టిఫికెట్ కాదు.