రోహన్ మైదానాల్లో ఒంటరి ఫిడేలు

సీక్వెల్‌కు సంగీతం కట్టడం కత్తిమీద సాము. పాత బాణీలు లేకపోతే ప్రేక్షకుడికి వెలితి. అవే వినిపిస్తే విసుగు. 2002లో వచ్చిన ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్: ద టూ టవర్స్’లో కెనడా స్వరకర్త హోవార్డ్ షోర్ ఈ చిక్కుముడిని గొప్పగా విప్పారు.

మొదటి భాగానికి ఆయన అప్పటికే ఆస్కార్ అందుకున్నారు. రెండో భాగంలో కథ ఆశ్వికుల రాజ్యం రోహన్‌కు మళ్లుతుంది. దానికోసం లండన్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా హోరు మధ్య నార్వే జానపద వాద్యం హార్డాంగర్ ఫిడేలును నిలిపారు. కమాను తగలని దాని అడుగు తీగలు, మన సితార్‌లోని తరబ్ తీగల్లాగే, వాటంతటవే ప్రతిధ్వనిస్తాయి. ఆ నాదంలోని దిగులుకు అదొక కారణం. ఈ సంగీతంలో అన్నిటికన్నా గొప్ప ఆలోచన ఈ ఫిడేలే!

ఇక శత్రువుల కోట ఐసెన్‌గార్డ్ బాణీ మొదటి భాగం నుంచీ ఉన్నదే. ఐదు దెబ్బల లయ, మీద లోహాల మోత. ఖండచాపు తెలిసిన చెవులు ఆ లెక్కను ఇట్టే పట్టేస్తాయి.

ఉంగరానికి బానిసైన గొల్లమ్‌కు సంతూర్ జాతి వాద్యం సింబలమ్ వణుకు. భారతీయ మూలాలున్న బ్రిటిష్ గాయని షీలా చంద్ర గొంతూ ఇందులో ఉంది.

సినిమా చూసినవారు ఈ సంగీతాన్ని ఒక్కసారి తెర లేకుండా, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి.